తలుపు మూసినవాడికి పేరెందుకు లేదు

నా వయసు ముప్పై ఏడు. రిటైరయ్యాను. ఈ రెండు వాక్యాలూ కలిపి చెబితే దోహా పక్కన అల్ వక్రాలో మా బిల్డింగు లిఫ్టులో ఎక్కే తెలుగువాళ్ళు ముందు నావైపు జాలిగా చూస్తారు, తర్వాత మా ఆవిడవైపు ఇంకాస్త జాలిగా చూస్తారు. అసలు సంగతేమిటంటే, నేను రిటైరవలేదు. ఉద్యోగమే నాకంటే ముందు రిటైరైంది. హైదరాబాదులో ఒక ప్రచురణ సంస్థ వేసే సైన్స్ ఫిక్షన్ నవలల్ని సరిచేసి పెట్టడం నా పని. ఆ సంస్థవాళ్ళు ఆ వరస ఆపేసి వంటల పుస్తకాల్లోకి దిగారు. నాకు ఉప్మా తప్ప ఏదీ రాదు. మర్యాదగా తప్పుకున్నాను.

మా ఆవిడ దోహాలో నర్సు. ఆమె వీసా మీద వచ్చినవాణ్ణి నేను. ఆమె ఆసుపత్రిలో మనుషుల్ని బతికించి వచ్చేసరికి నేను ఇంట్లో కూర్చుని గ్రహాంతరవాసుల వాక్యాలు కత్తిరిస్తూ ఉండేవాణ్ణి. మానవజాతి భవిష్యత్తు ఎన్నో ఏళ్ళపాటు మా డైనింగ్ టేబుల్ మీదే జరిగింది. అన్నం తినేటప్పుడు కొంచెం పక్కకి జరిపేవాళ్ళం.

ఈ మధ్య ఇదే పనిలోకి కొత్తగా దిగిన ఒకమ్మాయి ఫోన్ చేసింది. "సార్, నాకొచ్చిన నవలలో ఒక్క పాత్రకీ పేరు లేదు. సైన్స్ ఫిక్షన్ రాసేవాళ్ళు ఇలా ఎందుకు చేస్తారు? నేను పేర్లు పెట్టెయ్యనా?"

"ఆగమ్మా, కత్తెర కింద పెట్టు" అన్నాను. ఆ అమ్మాయికి ఫోన్లో చెప్పలేకపోయినది ఇక్కడ రాస్తున్నాను.

పని అంటే ఏమిటి

బయటివాళ్ళు ఇదేదో పెద్ద సాహిత్య సేవ అనుకుంటారు. అదేం కాదు. మూడో అధ్యాయంలో చచ్చిపోయినవాడు ఏడో అధ్యాయంలో టీ తాగకుండా కాపలా కాయడం. అంతరిక్షంలో కిటికీ తెరిచి చల్లగాలి పీల్చుకున్న హీరోని నెమ్మదిగా లోపలికి లాగి, రచయిత మనసు నొప్పించకుండా కిటికీ మూయడం. అంతే.

అందులో భాగంగానే పేర్లు లేని పాత్రలు ఎదురయ్యేవి. మామూలు సాంఘిక నవలల్లో ఇంతగా చూడలేదు. భవిష్యత్తులోకి వెళ్ళగానే మనవాళ్ళ చెయ్యి పేరు దగ్గర ఆగిపోతుంది.

నా తొలిరోజుల్లో ఒక కాలేజీ లెక్చరరు ఉండేవాడు. మంచి మనిషి. మొదటి నవలలో అంతరిక్షనౌక కెప్టెన్‌కి ఇంటిపేరుతో సహా పేరు పెట్టాడు. కథ వెయ్యేళ్ళ తర్వాత జరుగుతుంది. పుస్తకం వచ్చాక పాఠకులు ఫోన్లు చేశారు. నౌక గురించి ఒక్కరూ అడగలేదు. "ఆ కెప్టెన్ మనవాడేనాండీ?" అని అడిగారు. మనవాడే అని తేలినవాళ్ళు కాపీలు కొని చుట్టాలకి పంచారు. కాదని తేలినవాళ్ళు నవలలో వైజ్ఞానిక లోపాలు ఎత్తి చూపారు. రెండో నవలకి ఆయన పేర్లన్నీ తీసేశాడు. "వెయ్యేళ్ళ అవతలికి పారిపోయానండీ. అక్కడికి కూడా ఇంటిపేరు అడుగుతూ వచ్చేశారు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేను నవ్వలేదు. ఆ ప్రతిలో ఒక్క పేరు కూడా చేర్చలేదు.

ఇంకొకావిడది వేరే లెక్క. పేరుకి కూడా మందుసీసాలా గడువు ఉంటుందని ఆవిడ నమ్మకం. "నూరేళ్ళ తర్వాతి పిల్లకి వెంకాయమ్మ అని పెడితే ఇప్పుడు నవ్వుతారు. ఇవాళ్టి ఫ్యాషన్ పేరు పెడితే అప్పటికది బామ్మల పేరవుతుంది" అనేది. ఒప్పుకున్నాను. కానీ ఆవిడ నవలలో ఐదుగురు ఉంటే ఐదుగురూ "ఆ అమ్మాయి". ఒకమ్మాయి ఏడిస్తే ఇంకొకమ్మాయి కళ్ళు తుడుచుకుంటోంది. చివరికి ఒకరికి దగ్గు, ఒకరికి గోళ్ళు కొరికే అలవాటు, ఒకరికి తలుపులు తన్నే అలవాటు ఇప్పించాను. పేరు లేకపోయినా ఫరవాలేదు, పట్టుకోవడానికి పిడి మాత్రం ఉండాలి.

మూడో ఆయన్ని నాయికకి పేరెందుకు పెట్టలేదని అడిగితే చాలాసేపు తాత్వికంగా మాట్లాడాడు. ఉనికి అన్నాడు, శూన్యం అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఏ పేరు పెట్టినా మా ఆవిడ 'ఎవరిది?' అంటోందండీ" అన్నాడు. నేను విన్న కారణాలన్నిటిలో నిజాయితీ గలది అదే.

మా బాసు

సంస్థ యజమాని ప్రసాదరావు గారు. నాకు పని నేర్పింది ఆయనే, చిరాకు తెప్పించిందీ ఆయనే. రాతప్రతి చివరి పేజీ వరకూ చదివే యజమాని అరుదు. ఆయన చదివేవారు. కళ్ళు కూడా తుడుచుకునేవారు. కానీ పేరు విషయంలో మొండి.

"పేరులేని పాత్ర మూతలేని సీసా అయ్యా. పాఠకుడు ఇంటికి తీసుకెళ్ళేలోపు ఒలికిపోతుంది" అనేవారు.

సగం నిజమే. పుస్తకం మూశాక హీరో పేరు గుర్తులేకపోతే ఇంకొకరికి చెప్పడం కష్టం. నోటిమాట మీద అమ్ముడుపోయే పుస్తకాలకి అది దెబ్బే. ఆ మాట అంటున్నాయన్ని మాత్రం ఆఫీసులో ఎవరూ పేరు పెట్టి పిలిచేవాళ్ళు కాదు. ఆయన సంతకం చూసేదాకా సగంమంది ఆయన పేరు "సార్" అనే అనుకున్నారు.

పైపులాయన, వంటాయన, తలుపుకాడాయన

ఒకరోజు మెసయీద్ నుంచి ఒక నవల వచ్చింది. మా అల్ వక్రాకి దక్షిణంగా, రిఫైనరీలూ ఉక్కు ఫ్యాక్టరీలూ ఉన్న ఊరు. రాసినాయన పేరు నర్సయ్య. జగిత్యాల వైపు మనిషి. ఎత్తులో పనిచేసేవాళ్ళు నిలబడటానికి ఇనుప గొట్టాలతో మంచెలు కట్టే పని. నవలంతా ఫోన్లోనే టైపు చేశాడు.

గాలి లేని ఒక గ్రహం. పెద్ద గుమ్మటం కింద కొంతమంది పనివాళ్ళు. బయటికి వెళ్ళాలంటే ముసుగూ సూటూ వేసుకోవాలి. ఒకరోజు ఎర్రటి దుమ్ముతుఫాను వస్తుంది. గుమ్మటం తలుపు లోపలినుంచి మూతపడదు. ఎవరో ఒకరు బయట నిలబడి మూయాలి. ఒకతను బయటికి వెళ్ళి మూస్తాడు. లోపల వంటాయన ఒక పళ్ళెంలో అన్నం పెట్టి, దానిమీద ఇంకో పళ్ళెం బోర్లిస్తాడు. అక్కడితో నవల అయిపోతుంది. తలుపు మూసినవాడు తిరిగొచ్చాడో లేదో రాయలేదు.

ఎవరికీ పేరు లేదు. పైపులాయన, వంటాయన, కొత్తగా వచ్చినోడు, తలుపుకాడాయన. అంతే.

ప్రసాదరావు గారు చదివారు. కళ్ళు తుడుచుకున్నారు. "వేద్దాం. మిగతావాళ్ళ సంగతి వదిలెయ్. కానీ ఆ తలుపు మూసినవాడికి పేరు పెట్టించు. లేకపోతే వెయ్యను" అన్నారు.

నర్సయ్యకి ఫోన్ చేసి చెప్పాను. 

"వేరే ఏదన్న మార్చుమంటే మారుస్త సార్. గదొక్కటి అడుగకున్రి" అన్నాడు. ఆ వెంటనే, "పుస్తకమైతే జర జల్ది రావాలె. ఒచ్చే నెల నేను పోతున్న. వీసా క్యాన్సిల్, ఖతం. ఈ రూమోళ్ళు ఇన్నరు గాబట్టే నేను రాసిన. అచ్చయినంక మొదలు ఈళ్ళకే సదివి ఇనిపియ్యాలె. నేను పోయినంక ఈ రూము గిట్లనే ఉంటదా?"

కాబట్టి పంచాయితీ తేలాల్సింది నెలలోపు. పేరు పెడితే పుస్తకం, లేకపోతే లేదు. ఎందుకు పెట్టనంటున్నాడో మాత్రం చెప్పడంలేదు.

చదువుకున్నవాణ్ణి కదా, కారణం నేనే తయారుచేసుకున్నాను. కంపెనీ మనిషిని నంబరుగా మారుస్తుంది, అస్తిత్వం పోయిన శ్రామికుడికి పేరు ఉండదు, అదీ ఇదీ. మా ఆవిడకి వినిపించాను.

"చాలా బావుంది. ఆయన్ని అడిగావా?" అంది.

"లేదు."

"మరి ఎవరి అస్తిత్వం గురించి మాట్లాడుతున్నావ్?"

శుక్రవారం

అడగడానికి మెసయీద్ బయల్దేరాను. మెట్రో అల్ వక్రాతో ఆగిపోతుంది. సలీం భాయ్ వచ్చి కారులో తీసుకెళ్ళాడు. కోరుట్ల మనిషి, కంపెనీ బస్సు డ్రైవరు, నర్సయ్య రూమ్మేటు. నర్సయ్య చదివితే కరెంటు బిల్లు చదివినట్టుంటుందని, ప్రతి శుక్రవారం జుమా నమాజు, భోజనాలు అయ్యాక అధ్యాయాన్ని రూములో చదివి వినిపించేది సలీం భాయే. గొంతు మార్చి, ఏడుపు దగ్గర ఏడ్చి మరీ చదువుతాడట.

రూములో ఆరుగురుంటారు. వాళ్ళలో పెద్దాయన రాజేశం, పైపుల పని. అందరూ మంచాల మీద సర్దుకుని నాకు కుర్చీ వేశారు. కుర్చీ వేశారు కదా అని నేను ఉపన్యాసం ఇచ్చాను. నంబరు, అస్తిత్వం, అంతా.

రాజేశం అడిగాడు. "నంబరా? ఎవలు జెప్పిన్రు సారూ?"

"అంటే... కంపెనీలో మిమ్మల్ని..."

"నన్ను ఈడ అందరు మామ అంటరు. ఫిలిప్పీనోడు గూడ మామనే అంటడు. ఆనికి దాని అర్థమే తెల్వది."

"ఫోర్‌మన్ గూడ 'మామా యల్లా యల్లా' అని తొందర పెడ్తడు సాబ్. నంబర్ కాయ్‌కూ?" అన్నాడు సలీం భాయ్.

నా సిద్ధాంతం అక్కడే మంచంమీద పడుకుంది. నర్సయ్యకి నన్ను చూసి జాలేసినట్టుంది. "చాయ్ తాగున్రి సార్, జెప్త" అన్నాడు.

గ్రహం పేరు దుబాయ్

నవల మొదట రాసినప్పుడు అందరికీ పేర్లు ఉన్నాయి. నర్సయ్య పేర్లకోసం ఎక్కడికీ పోలేదు, రూములో ఉన్నవే వాడుకున్నాడు. తలుపు మూసే మనిషికి రాజేశం పేరు. రాజేశాన్ని అడిగే పెట్టాడు.

"నేను ఖుషీగనే ఉంటి సారూ. హీరో గద" అన్నాడు రాజేశం.

ఒక శుక్రవారం తలుపు అధ్యాయం చదివారు. సలీం భాయ్ ఆరోజు తనను తాను మించిపోయాడు. చివర్లో వెక్కివెక్కి ఏడ్చాడు. దాన్నంతా ఫోన్లో రికార్డు చేశారు. శనివారం పొద్దున బస్సు ఖాళీగా ఉన్నప్పుడు సలీం భాయ్‌కి ముచ్చటేసి, ఆ రికార్డింగులో చివరి ముక్క రాజేశం బావమరిదికి పంపాడు. ఇది కథ అని రాయలేదు. వాళ్ళకి తెలుసు అనుకున్నాడు.

ఊళ్ళో బావమరిది నొక్కాడు. తెలిసిన గొంతు. బావ రూమ్మేటు సలీం భాయ్ గొంతు. ఏడుస్తోంది. "రాజేశం బయటనే ఉండిపోయిండు. తలుపు పడ్డది. ముసుగుల గాలి అయిపోయింది. ఆకాశమంత ఎర్రగైంది. మేమందరం లోపలినుంచి చూస్తనే ఉన్నం, ఏం జేయలేకపోయినం."

వాళ్ళకి అది వేరే గ్రహమని ఎలా తెలుస్తుంది? ఊళ్ళో గల్ఫంతా దుబాయే. దుబాయ్‌లో ఎండ, దుమ్ము, ముసుగు, హెల్మెట్టు, కంపెనీ, సూపర్‌వైజరు. రాజేశం ఇన్నేళ్ళుగా ఫోన్లో చెబుతున్నవన్నీ ఆ గ్రహం మీద ఉన్నాయి.

రాజేశానికి ఫోన్ చేశారు. ఆఫ్. ప్లాంటులోకి ఫోను తీసుకెళ్ళనివ్వరు, గేటు దగ్గరే పెట్టించుకుంటారు. సలీం భాయ్‌కి చేశారు. బస్సు నడుపుతున్నాడు, ఎత్తలేదు. సాయంత్రానికి రాజేశం ఇంటిముందు ఊరు ఊరంతా ఉంది.

డ్యూటీ దిగి ఫోన్ ఆన్ చేసిన రాజేశానికి లెక్కలేనన్ని మిస్‌డ్ కాల్స్. ఇంట్లో ఎవరికో ఏదో అయిందనుకుని ఇంటికి చేశాడు. అటు భార్య లక్ష్మి ఎత్తింది. "హలో" అన్నాడు.

ఆవిడ ఏడవలేదు. ఒక్కటే అడిగింది.

"తలుపు తెరిచిన్రా?"

రాజేశం ఇది చెబుతూ టీగ్లాసు వైపే చూశాడు. "ఏం తలుపు అని నేనంటి. నాకేమెర్క? ఏమే, ఏం తలుపు, అంటి. అప్పుడేడ్చింది సారూ."

సలీం భాయ్ తల వంచుకున్నాడు. "నేను మంచిగ చదివిన, గదే తప్పైంది" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు వాళ్ళకి అలవాటైన నవ్వని తెలుస్తూనే ఉంది.

"గా రాత్రే నేను పేర్లన్ని తీసేసిన. ఒక్కటి గూడ ఉంచలే" అన్నాడు నర్సయ్య. "పేరు పెడితే అది కథ గాదు సార్. కబురైతది."

ప్రపంచంలో ఎవరెవరో ఎందుకెందుకో పాత్రలకి పేరు పెట్టకుండా వదిలేసి ఉండొచ్చు. ఇంత గట్టి కారణం నేనైతే వినలేదు.

ఎవడ్రా ఈ విహాన్

ప్రసాదరావు గారికి అంతా చెప్పాను. ఆయన కరిగారు. కానీ వదల్లేదు. "అయ్యో పాపం. సరే, వాళ్ళెవరికీ లేని పేరు పెడదాం. విహాన్. ఆ రూములో విహాన్ ఎవరూ ఉండరుగా?" అన్నారు. తర్కం బాగానే ఉంది. మంచి బాసుల తప్పులన్నీ తర్కంగానే ఉంటాయి. ఆయన చెప్పినట్టే మార్చి ప్రూఫు తీసుకుని మళ్ళీ శుక్రవారం వెళ్ళాను. నర్సయ్య ప్రయాణానికి టికెట్టు కూడా వచ్చేసింది.

సలీం భాయ్ చదవడం మొదలుపెట్టాడు. "విహాన్ ముసుగు బిగించుకున్నడు..."

"ఎవడ్రా వాడు?" అన్నాడు రాజేశం.

"విహాన్ అంట."

"ఎప్పుడొచ్చిండు?"

"కొత్త బ్యాచ్ కావచ్చు" అన్నారెవరో.

"ఏ కంపెనీ? నిన్నమొన్న వచ్చినోడు పోయి తలుపెట్ల మూస్తడు? ఆనికి సేఫ్టీ ట్రైనింగన్న అయ్యిందా?"

సలీం భాయ్ కష్టపడి ముందుకెళ్ళాడు. విహాన్ బయటికి నడిచాడు. తలుపు పడింది. సలీం భాయ్ ఏడుపు గొంతు పెట్టబోయి ఆగాడు. "నాకు వస్తలేదు సాబ్. వీనికి నేనెందుకు ఏడ్వాలె?"

అయితే వేరే పేరు చూద్దాం అనుకున్నాం. అది ఇంకా ఘోరం. ఏ పేరన్నా దానికో ఓనరు తయారు. ఒకటి ఒకాయన తమ్ముడిది, ఒకటి అల్లుడిది, ఒకటి పక్క క్యాంపులో హార్టు ఆపరేషనై వచ్చినవాడిది. నేపాలీ పేరు పెడదామంటే పక్కరూములోంచి ఒక నేపాలీ కుర్రాడు తల లోపలికి పెట్టి, "భాయ్, మేరా నామ్ మత్ డాలో" అని వెళ్ళిపోయాడు. వాడు ఎప్పటినుంచి వింటున్నాడో తెలీదు.

నర్సయ్య లేచాడు. "వద్దు సార్. పుస్తకం వద్దు. గిన్ని దినాలు చదివి వినిపించుకున్నం, గంతే చాలు" అన్నాడు. చాలు అన్న మనిషి మొహంలా లేదు అది.

అప్పుడు రాజేశం గొంతు సవరించుకున్నాడు. "నా పేరే పెట్టు."

"మామా..."

"అరే, నేనొకసారి సచ్చిన గద. కాకి తన్నితే దోషం పోను చుట్టాలకు ఉత్త సావు కబురు పంపుతరు. అట్ల కబురు పోతే ఆయుష్షు పెరుగుతదంటరు. నాది పెరిగిపోయింది. ఇగ నాకేం గాదు. పెట్టు."

"వదినె?" అన్నాడు నర్సయ్య.

రాజేశానికి ఆ సంగతి గుర్తొచ్చినట్టుంది. "అడుగుదాం మరి" అన్నాడు, ఇందాకటి ధైర్యం సగమై.

లక్ష్మి గారు అడిగిన మాట

రాజేశం తన ఫోన్లో భార్యకి చేసి స్పీకర్ పెట్టాడు. నేను నా ఫోన్లో ప్రసాదరావు గారికి చేసి స్పీకర్ పెట్టి పక్కన పెట్టాను. తేలాల్సింది ఆ ఇద్దరి మధ్యే అనిపించింది.

ఆ గొడవ తర్వాత లక్ష్మి గారు, పేర్లు తీసేశాక మళ్ళీ చదివిన నవల రికార్డింగులు మొదటినుంచీ తెప్పించుకుని విన్నారట. ఒకసారి మోసపోయిన మనిషి, ఈసారి అధ్యాయం నంబరు చూసుకుని మరీ విన్నారు.

"అమ్మా, నేను ప్రసాదరావుని, పుస్తకం వేసేవాణ్ణి" అన్నారు బాసు. "మీకు కష్టం కలిగించాలని కాదమ్మా. పేరు లేకపోతే మనిషి పాఠకుడికి గుర్తుండడు. అందుకని..."

"గుర్తుండడా సారూ?" అందావిడ. "నాకు పెండ్లై ఇరవై ఏండ్లాయె. ఒక్కనాడు ఆయన పేరు పెట్టి పిలువలే. ఏమయ్యా అంట, లేకుంటే మా పోరని నాయినా అంట. నాకు గుర్తుంటలేడా?"

రూములో ఎవరో కిసుక్కుమన్నారు. రాజేశం చూసిన చూపుకి ఆగిపోయారు.

"అది వేరమ్మా..."

"ఏం వేరు సారూ? ఆనాడు గా ఫోన్ల మొదలు ఏడుపే ఇనొచ్చింది. ఎవలకో ఏమో అయింది, పాపం అనుకున్న. పేరు ఇన్నంకనే నేను కూలబడ్డ." కొంచెం ఆగింది. "ఇప్పుడు పేరు తీసేసిన్రు గద. మా వాడకట్టుల దుబాయ్‌ల మనిషున్న ఇండ్లన్నిట్ల ఇన్నరు. ఒకామె అంటది తలుపుకాడాయన మా ఆయనసొంటోడే అని. ఇంకొకామె లేదు మా తమ్ముడే అని. అందరు ఆయనకు పళ్ళెం మూసి పెడుతున్నరు. పేరు పెడితే నా ఒక్కదాని మొగడైతడు. మిగిలినోళ్ళు పళ్ళెం తీసేస్తరు. నేనొక్కదాన్నే కూసోవాలె."

అంతలో ప్రసాదరావు గారి ఇంట్లోంచి ఒక ఆడగొంతు, దూరంనుంచి, చాలా స్పష్టంగా వినిపించింది.

"ఏమండీ! కాఫీ చల్లారిపోతోంది!"

"ఎవరు సారూ?" అంది లక్ష్మి గారు.

"మా ఆవిడమ్మా."

"మిమ్మల్నేనా పిలుస్తున్నది?"

"ఆ, నన్నే."

"ఎట్ల తెలిసింది సారూ, పేరు పెట్టలేదు గద?"

ఈసారి రాజేశం కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. మంచాలు ఊగాయి. నేపాలీ కుర్రాడికి ఏం అర్థమైందో, గుమ్మంలోంచి వాడూ నవ్వాడు. నవ్వులన్నీ తగ్గేవరకూ ప్రసాదరావు గారు లైన్లోనే ఉన్నారు. ఆయన పెద్దమనిషి అని నేను అనేది అందుకే. తర్వాత నన్ను ఉద్దేశించి ఒక్కటే అన్నారు. "విహాన్ని తీసెయ్యవయ్యా."

ఆ తర్వాత

నర్సయ్య వెళ్ళేలోపు పుస్తకాలు వచ్చాయి. మా ఆవిడతో పనిచేసే నర్సు సెలవు ముగించుకుని వస్తూ పచ్చడి సీసాల మధ్య పెట్టి తెచ్చింది. రెండు కాపీలకి గోంగూర వాసన ఇప్పటికీ ఉంది.

ఆ శుక్రవారం నర్సయ్యే చదివాడు. కరెంటు బిల్లు చదివినట్టే చదివాడు. ఎవరూ అడ్డు రాలేదు. కథలో తలుపు దగ్గరికి వచ్చేసరికి రాజేశం ఠక్కున లేచాడు. అందరూ ఉలిక్కిపడ్డారు. వెళ్ళి రూము తలుపు లోపలినుంచి వేసి వచ్చి కూర్చున్నాడు.

"ఏసీ పోతున్నది" అన్నాడు. "సదువు. నేను లోపల్నే ఉన్న."

నర్సయ్య ఊరికి వెళ్ళిపోయాడు. అనుకున్నట్టే ఆ రూమువాళ్ళు తలోచోటికీ పోయారు. కానీ ఒక్కొక్కరూ, ఒకరికి తెలియకుండా ఒకరు, నాకు ఫోన్ చేశారు. అటూ ఇటూ మాట్లాడి చివర్లో అడిగారు. "సారూ, ఒక్క మాట. నర్సయ్య చెప్తలేడు. ఆ తలుపుకాడాయన నేనే గద?" సలీం భాయ్ అడిగాడు. వంట చేసే ఆయన అడిగాడు, కథలో వంటాయన ఉన్నా సరే. అందరికీ అవుననే చెప్పాను.

అమ్మాయీ, నువ్వు అడిగినదానికి నా జవాబు ఇదే. నీకొచ్చిన నవలలో పేర్లు లేకపోతే, ఆ రచయిత బద్ధకస్తుడో, భయస్తుడో, ఇంట్లో భార్య ఉన్నవాడో అయ్యుండొచ్చు. వాళ్ళక్కూడా కొంచెం జాలి చూపించు. కానీ పేరు పెట్టే ముందు వెళ్ళి అడుగు. నాలాగా సిద్ధాంతం పట్టుకెళ్ళకు, ఖాళీ చేతులతో వెళ్ళు, టీ ఇస్తారు. నవలలో పేరు లేని చోటు ఖాళీగా కనిపిస్తుంది. చాలాసార్లు అక్కడ ఎవరో కూర్చునే ఉంటారు.

మొన్న ఆఫీసులో మా పాత సైన్స్ ఫిక్షన్ పుస్తకాలు మూటగట్టిస్తూ ప్రసాదరావు గారు ఫోన్ చేశారు. వంటల పుస్తకాల గురించి మాట్లాడారు, మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడారు. పెట్టేస్తారనుకున్నాను. పెట్టలేదు.

"ఏమయ్యా, నర్సయ్య పుస్తకం మళ్ళీ చదివాను" అన్నారు. "నాకొకటి అనిపించింది. నవ్వకు. ఆ తలుపు మూసినవాడు... కాస్త నాలాగా లేడూ?"

"ఉన్నాడండీ" అన్నాను. "అచ్చం మీరే."